పస్ సెల్స్ ప్లెంటీ

మొన్న ఆదివారం బీరువా సర్దుతుంటే నా యూరిన్ రిపోర్టుల ఫైల్ బయటపడింది. ఆరేళ్లవి. పారేద్దామని కూర్చున్నదాన్ని, ఒక్కొక్కటీ చూస్తూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయాను. మొత్తం 23 కాగితాలు. ఒక్కో ల్యాబుది ఒక్కో తీరు, కొన్నింటి మీద అక్షరాలు వెలిసిపోయాయి కూడా. మధ్యలో ఒక వరస మాత్రం దాదాపు అన్నింట్లోనూ ఒకటే: పస్ సెల్స్ – ప్లెంటీ.

ఆ ఆరేళ్లలో అందరూ నాకు చెప్పిన మాట కూడా ఒకటే. "నీకు ఇమ్యూనిటీ తక్కువ, అది పెంచుకో, అన్నీ సర్దుకుంటాయి." మా పెద్దక్క చెప్పింది. ఆఫీసులో పక్క సీటావిడ చెప్పింది. ఓజోన్ ఎక్కించినాయన చెప్పాడు. నేనూ నమ్మాను. కాగితం మీది మాటకీ, వీళ్ల మాటకీ పొసగడం లేదని నాకు చాలా కాలం తట్టనే లేదు. చేసేది లెక్కలు సరిచూసే ఉద్యోగం, అదీ విశేషం.

నెలసరి ఆగిపోయిన ఏడాదికి మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదలైంది. మంట, పది నిమిషాలకోసారి పరుగు, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. ఐదు రోజుల మందులు వాడితే తగ్గింది. రెండు నెలలకి మళ్లీ. ఆ తర్వాత నెలన్నరకి మళ్లీ. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటారట. ఆ గీత నేను మొదటి ఏడాదే దాటేశాను. మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షలో ప్రతిసారీ ఈ. కోలై అనే బ్యాక్టీరియానే. ఏ మందుకి లొంగుతుందో చెప్పే పట్టికలో మొదట అన్నీ 'ఎస్'లే. మూడో ఏడాదికి 'ఆర్'లు మొదలయ్యాయి. ఆర్ అంటే ఆ మందు ఇక పనిచేయదని. ఆ కాగితం చేతిలో పట్టుకుని ల్యాబ్ మెట్ల మీద కూర్చున్న రోజు బాగా గుర్తు. మందులు అయిపోతే నా గతేంటి అన్న భయం ఆ రోజే పట్టుకుంది.

వింత వైద్యాల వెంట పడేవాళ్లని చూసి చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వినదాన్నే. కానీ నన్ను అటు తోసింది తెలివితక్కువతనం కాదు. డాక్టరు గదిలో నాకు దక్కేది నాలుగు నిమిషాలు. తల ఎత్తకుండానే "మళ్లీనా?" అని మందు రాసి పంపేవారు. ఆ 'మళ్లీనా'లో నా తప్పేదో ఉన్నట్టు వినిపించేది. ఓజోన్ క్లినిక్‌లో ఆయన నాతో గంటసేపు మాట్లాడాడు. మొదటిసారి ఎప్పుడొచ్చింది, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతోంది, నిద్ర పడుతోందా, భర్తతో ఎలా ఉంటున్నారు అని అడిగాడు. నేను ఏడ్చేశాను. టిష్యూ డబ్బా నా వైపు జరిపి, ఏడుపు ఆగేదాకా ఊరుకున్నాడు. అప్పుడు ఆయన ఏం చెప్పినా ఒప్పుకునేదాన్నే.

పద్ధతి ఏమిటంటే, చేతి నరం నుంచి ఒక గాజు సీసాలోకి రక్తం తీస్తారు. అందులోకి ఓజోన్ వాయువు పంపి, సీసాని మెల్లగా తిప్పి, ఆ రక్తాన్నే మళ్లీ ఎక్కిస్తారు. నేను ఆ సీసానే చూస్తూ పడుకున్నాను. నల్లగా, చిక్కగా ఉన్న రక్తం నా కళ్లముందే ఎర్రగా వెలిగింది. "చూశారా, ప్రాణం వచ్చింది" అన్నాడాయన. నాకు ఒళ్లు జలదరించింది. నిజంగానే ఏదో జరిగిందనుకున్నాను. తర్వాత ఎప్పుడో తెలిసింది, క్లినిక్‌లలో వాడే ఆ వాయువులో 95 శాతం, అంతకంటే ఎక్కువే, మామూలు ఆక్సిజన్. నరంలోంచి తీసిన రక్తం ఎవరిదైనా సరే, ఆక్సిజన్ తగిలితే ఎర్రబడుతుంది. మన ఊపిరితిత్తులు ఊపిరి పీల్చిన ప్రతిసారీ చేసే పని అదే. అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ నిబంధనల్లో ఓజోన్ గురించి ఉన్న వాక్యం కూడా తర్వాతే చదివాను: అది విషవాయువు, వైద్యంలో దాని వల్ల తెలిసిన ఉపయోగమేదీ లేదు. ఇలాంటి వాక్యాలు మనకి ఎప్పుడూ బిల్లు కట్టాకే కనిపిస్తాయి.

పది సిట్టింగులు చేయించుకున్నాను. రెండున్నర నెలలు ఇన్ఫెక్షన్ రాలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను, ఓజోన్ పనిచేసిందని. మా వదిన కీళ్లనొప్పులకి కూడా చేయించుకోమన్నాను. ఆవిడ తెలివైనది, వెళ్లలేదు.

కొల్లాయిడల్ సిల్వర్, అంటే సన్నటి వెండి రేణువులు కలిపిన నీళ్ల సీసా కూడా ఒకటి కొన్నాను కానీ తాగలేదు. ఎన్నాళ్లో తాగి ఒళ్లంతా బూడిద నీలం రంగుకి తిరిగిపోయిన ఒకాయన ఫొటో ఎక్కడో చూశాను. వెండి చర్మంలో చేరితే ఆ రంగు ఇక పోదట. ఆ సీసాని మా ఆయన ఏం చేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక విటమిన్ సి డ్రిప్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

విటమిన్ సి మీద జనానికున్న నమ్మకానికి పెద్ద పేరే దన్ను. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో పెద్ద మోతాదులో వేసుకుంటే జలుబు రాదని చెప్పాడు. తర్వాత బోలెడు ప్రయోగాలు జరిగాయి. రోజూ వేసుకునే పెద్దవాళ్లలో జలుబు ఉండే కాలం 8 శాతం దాకా తగ్గుతుందని తేలింది. అంటే వారం జలుబులో సగం రోజు. మాత్రగా వేసుకుంటే పేగు కొంతవరకే లోపలికి తీసుకుంటుంది, అందుకే నరంలోకి ఎక్కించాలి అన్నారు నేను వెళ్లిన రెండో క్లినిక్‌లో. పేగు సంగతి నిజమే. నరంలోకి ఎక్కించినదాంట్లో ఎక్కువ భాగం కొన్ని గంటల్లో మూత్రంలో పోతుందన్న మాట మాత్రం వాళ్లు చెప్పలేదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి ఆ మోతాదు ఎక్కిస్తే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. డ్రిప్ పెట్టేముందు ఆ పరీక్ష చేయాలి. నాకు చేయలేదు. నాకు ఆ లోపం లేకపోవడం నా అదృష్టం.

అప్పటికి నా దగ్గర ఇంట్లో చూసుకునే యూరిన్ స్ట్రిప్పులు ఉండేవి. సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద వరుసగా రంగు గడులు. ముంచి తీసి, నిమిషం ఆగి, డబ్బా మీది రంగులతో పోల్చుకోవాలి. నేను చూసేది నైట్రైట్ గడి. మూత్రంలో ఉండే నైట్రేట్‌ని ఈ. కోలై లాంటి బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అప్పుడు ఆ గడి గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆరేళ్లలో నేను ఎంత భయపడ్డానో ఆ గులాబీ రంగుకే తెలుసు. నిమిషం అంటే నిజంగా ఎంతసేపో బాత్రూంలో స్ట్రిప్ పట్టుకుని నిలబడితే తెలుస్తుంది.

మూడో డ్రిప్ అయిన మర్నాడు మంట మొదలైంది. స్ట్రిప్ ముంచాను. తెల్లగా ఉంది. మళ్లీ ముంచాను. తెల్లగానే ఉంది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే, అది ఇన్ఫెక్షన్ కాదమ్మా, శరీరం విషాలు బయటికి తోస్తోంది, అందుకే మంట అన్నారు. స్ట్రిప్ కూడా అదే చెప్తోంది కదా అని నేను ఊరుకున్నాను. నాలుగో డ్రిప్ కూడా పెట్టించుకున్నాను. ఆ రాత్రి రెండు గంటలకి పళ్లు టకటకలాడే చలి. రెండు దుప్పట్లు కప్పి మా ఆయన పైన చేతులు వేసి పట్టుకున్నా మంచం ఊగుతూనే ఉంది. జ్వరం 103. ఎడమ పక్క, పక్కటెముకల కింద ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు నొప్పి. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది.

ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. మూడో రోజు లేచి కూర్చోగలిగాక, స్ట్రిప్పుల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం తెప్పించి చదివాను. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: మూత్రంలో విటమిన్ సి ఎక్కువగా ఉంటే నైట్రైట్ గడి, రక్తం గడి రంగు మారకపోవచ్చు. అంటే ఇన్ఫెక్షన్ అక్కడే ఉంది. దాన్ని చూపించే కన్నుని నేనే డబ్బులిచ్చి మూయించుకున్నాను.

ఆ ఆస్పత్రిలో ఒక లేడీ యూరాలజిస్టు చూశారు. నేను నా గోడంతా చెప్పుకుని, ఎంత చేసినా నా ఇమ్యూనిటీ పెరగడం లేదు మేడమ్ అన్నాను. ఆవిడ రిపోర్టు నా వైపు తిప్పి, పస్ సెల్స్ అన్నచోట పెన్నుతో సున్నా చుట్టారు.

"ఇవేంటో తెలుసా?"

"చీము కదండీ."

"చీమంటే ఏంటి? మీ తెల్లరక్తకణాలే. మీ ఇమ్యూనిటీయే ఇది. లేకపోవడమేంటి, ప్లెంటీ అని రాసుంది కదా."

నాకు నవ్వొచ్చింది, అంత నీరసంలోనూ. ఆరేళ్లుగా ఫైల్లో పెట్టుకుని తిరుగుతున్న మాట.

ఆవిడ ఇంకొంచెం చెప్పారు, మిగతాది నేను ఇంటికొచ్చాక చదువుకున్నాను. ఈ. కోలై మూత్రంలో తేలుతూ ఊరుకోదు. మూత్రాశయం గోడ కణాల్లోకి దూరి అక్కడ గూడు కట్టుకుంటుంది. మంటకీ ఆ పరుగుకీ చాలావరకు కారణం దాని మీదికి దూకిన మన కణాలు లేపే వాపే. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఎలుకల మీద చేసిన పనిలో ఇంకో సంగతి బయటపడింది. మొదటి ఇన్ఫెక్షన్‌లో వాపు మరీ ఎక్కువై, తెల్లకణాలు మూత్రాశయం గోడనే దెబ్బతీస్తే, ఆ ఎలుకలకే తర్వాత మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ వాపుని మందుతో అణిస్తే ఎలుకలు తట్టుకున్నాయి. ఎలుకకి జరిగిందల్లా నాకూ జరిగిందని అనను. కానీ పెంచు, పెంచు అని ఆరేళ్లు నేను దేన్ని పెంచమన్నానో తలుచుకుంటే ఇప్పుడు కాస్త భయమేస్తుంది.

నా ఒక్కదాని జబ్బుకే కాదు ఇది. హెపటైటిస్ బి ఉన్నవాళ్ల కాలేయాన్ని ఎక్కువగా పాడుచేసేది వైరస్ కాదు, వైరస్ చేరిన కణాల మీద మన ఇమ్యూనిటీ చేసే దాడి. క్షయలో ఊపిరితిత్తికి పడే గుంతల్లోనూ మన రక్షణ కణాల చేయి ఉంది. ఇమ్యూనిటీ అంటే ట్యాంకులో నీటిమట్టం లాంటిదనీ, తగ్గితే నింపుకోవచ్చనీ మనకి ఎలా అలవాటైందో గానీ, నిజంగా నిండుగా తెరిస్తే ఏమవుతుందో 2006 మార్చిలో లండన్‌లో చూశారు. టీ కణాలనే రక్షణ కణాలని ఉసిగొల్పే టీజీఎన్1412 అనే మందుని, జంతువులకి ఇబ్బంది లేదన్న మోతాదులో 500వ వంతు, ఆరుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లకి ఎక్కించారు. గంటల్లో ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. అందరూ బతికారు, ఒకతనికి వేళ్లు పోయాయి. నేను ఎక్కించుకున్న డ్రిప్పులు ఆ పని చేయలేదంటే కారణం ఒకటే, అవి ఇమ్యూనిటీని ఏమీ పెంచలేదు.

అలాగని అంతా బూటకం అని చేతులు దులిపేసుకోలేను. ఫాలో అప్‌కి వెళ్లినప్పుడు వరండాలో ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. మూత్రాశయంలో క్యాన్సర్ అట. "క్షయ రాకుండా పిల్లలకి వేస్తారే బీసీజీ, అది నాకు లోపలికి ఎక్కిస్తున్నారమ్మా" అన్నారు. పాపం ఈయన కూడా ఏ క్లినిక్‌లోనో చిక్కుకున్నారనుకున్నాను. లోపలికెళ్లి మేడమ్‌ని అడిగితే, అది పక్కా వైద్యమే అన్నారు. కెనడాలో ఆల్వరో మొరాలెస్ అనే డాక్టరు 1976లో తొమ్మిది మంది రోగుల ఫలితాలు రాశాడు, అప్పటినుంచీ వాడుతున్నారు. బతికున్న బ్యాక్టీరియాని మూత్రాశయంలోకి పంపి, అక్కడి ఇమ్యూనిటీని రెచ్చగొట్టి, క్యాన్సర్ కణాల మీదికి తోలడం. వినడానికి ఓజోన్ కంటే వింతగా ఉంది. కాకపోతే ఎక్కడ, దేని మీదికి, ఎన్ని వారాలు అన్నది వాళ్ల దగ్గర రాసి ఉంది. మంట, జ్వరం వస్తాయని ముందే చెప్తారు. నా ఓజోనాయన ఏ దుష్ఫలితమూ లేదన్నాడు. ఆ మాటకే నేను లేచి వచ్చేయాల్సింది.

నా జబ్బుకే అలాంటిది ఒకటి ఉంది. ఒకప్పుడు లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో ఆల్మ్‌రోత్ రైట్ అనే ఆయన, మొండి ఇన్ఫెక్షన్లు ఉన్నవాళ్ల బ్యాక్టీరియానే పెంచి, చంపి, వాళ్లకే టీకాగా పొడిచేవాడు. యాంటీబయాటిక్‌లు లేని కాలం అది. ఆయన విభాగంలోనే 1928లో ఫ్లెమింగ్ కంటికి పెన్సిలిన్ పడింది, తర్వాత టీకాల ఊసు వెనక్కిపోయింది. ఇప్పుడు బ్యాక్టీరియా మందులకి లొంగకపోవడంతో ఆ పాత ఆలోచనే మళ్లీ బయటికొస్తోంది. ఎంవీ140 అని, చంపిన నాలుగు రకాల బ్యాక్టీరియా ఉన్న స్ప్రే, మూడు నెలలు రోజూ నాలుక కింద కొట్టుకోవాలి. 240 మంది ఆడవాళ్ల మీద చేసిన ప్రయోగం 2022లో వచ్చింది. ఉత్తి స్ప్రే కొట్టుకున్నవాళ్లలో 25 శాతం మందికి తర్వాతి తొమ్మిది నెలలు ఇన్ఫెక్షన్ రాలేదు. టీకా స్ప్రే వాళ్లలో 55 శాతం పైగా మందికి రాలేదు. అన్ని దేశాల్లోనూ దానికి అనుమతి లేదు, నాకు దొరకలేదు. కానీ నా కళ్లు ఆగింది ఆ 25 దగ్గర. ఏమీ లేని స్ప్రేతోనే నలుగురిలో ఒకరు బాగుపడ్డారు! వాళ్లు ఏం వాడామని ఊరంతా చెప్పుకుంటారో నాకు తెలుసు. నేను చెప్పుకున్నాను కదా.

అప్పుడే నా లెక్కల బుద్ధి నిద్రలేచింది. ఫైల్లోని 23 తేదీలూ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించాను. పక్క గడిలో ఆ సమయానికి నేను చేయించుకుంటున్న వైద్యం. ప్రతి వింత వైద్యమూ బాగా చితికిపోయి, యాంటీబయాటిక్ కోర్సు ముగించిన పది పదిహేను రోజుల్లోపే మొదలుపెట్టాను. అంటే అప్పటికే తగ్గి ఉన్నాను. ఓజోన్‌తో వచ్చిన రెండున్నర నెలల విరామం గొప్పదనుకున్నానా, దానికి ఏడాది ముందు ఏ వైద్యమూ లేకుండానే నాలుగు నెలలు ఖాళీ ఉంది. మరిచిపోయాను, అంతే. కాకి వాలడం, తాటిపండు రాలడం. మధ్యలో బిల్లు మాత్రం కాకి చేతికిచ్చాను.

ఇప్పుడు నేను చేస్తున్నవి చెప్తే ఎవరికీ ఆసక్తి ఉండదు. రాత్రిపూట ఈస్ట్రోజెన్ క్రీమ్, యోనిలో రాసుకునేది. నెలసరి ఆగాక అక్కడి మంచి బ్యాక్టీరియా తగ్గిపోతుంది, ఈ క్రీమ్‌తో మళ్లీ చేరుతుంది. 1993లో వచ్చిన ప్రయోగంలో ఇది వాడినవాళ్లకి ఏడాదికి సగటున 0.5 సార్లు వస్తే, వాడనివాళ్లకి 5.9 సార్లు వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఉన్న సంగతి! నాకు ఆ నాలుగు నిమిషాల్లో ఒక్కరూ చెప్పలేదు, నా వయసు కాగితం మీదే ఉన్నా. ఆ కోపం ఇంకా పోలేదు. ఓజోనాయన మీదున్న కోపం కంటే ఇదే ఎక్కువ.

దాంతోపాటు మెథెనమైన్ మాత్ర. ఇది ఆమ్లగుణం ఉన్న మూత్రంలో విడిపోయి ఫార్మాల్డిహైడ్ అవుతుంది, అది బ్యాక్టీరియాని చంపుతుంది. శవాలు పాడవకుండా వాడే రసాయనం నా మూత్రాశయంలో తయారవుతోందని మా అక్కకి చెప్తే ఫోన్ పెట్టేసింది. దానికంటే ఓజోనే నయం అనిపించి ఉంటుంది ఆవిడకి. పైగా రోజూ నీళ్లు లీటరున్నర అదనంగా తాగుతున్నాను. గడిచిన పదహారు నెలల్లో రెండుసార్లు వచ్చింది. నయమైందని అనను.

నిన్న ఆఫీసులో పక్క సీటావిడ తన చెల్లెలికి నెలనెలా సైనస్ ఇన్ఫెక్షన్ వస్తోందనీ, ఇమ్యూనిటీకి డ్రిప్ పెట్టే చోటు నంబరు ఇవ్వమనీ అడిగింది. నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. లంచ్ టైంలో ఆ చెల్లెలితోనే ఫోన్‌లో మాట్లాడాను. ఎన్నిసార్లొచ్చింది, తేదీలు రాసుకున్నావా, ఎవరైనా రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే ప్రోటీన్లు, కొలిచారా అని అడిగాను. పదేపదే సైనస్, ఛాతీ ఇన్ఫెక్షన్లు వచ్చే కొందరికి నిజంగానే అవి తక్కువుంటాయి, వాళ్లకి ఎక్కించడానికి అవే దొరుకుతాయి కూడా. కొలవలేదంది. తేదీలు కూడా రాసుకోలేదట. తర్వాత తనంతట తనే మొదలుపెట్టింది, మొదటిసారి వచ్చినప్పుడు ఎలా ఉందో. నా లంచ్ టైం అయిపోయింది, ఇంకో ఇరవై నిమిషాలు కూడా అయిపోయాయి. ఫోన్ చెవికి పెట్టుకునే సీటుకి తిరిగొచ్చాను.